ఆగు అన్నయ్యా: గేమ్ బాయ్ మీద డార్క్‌వింగ్ డక్

(గేమ్‌లు తయారు చేయడం నేర్చుకుంటున్న విద్యార్థుల కోసం ఒక గ్రంథాలయం మేడ మీది హాల్లో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్ళు కొంచెం ముందుకు రండి. నేను చూపించబోయేది చాలా చిన్న వస్తువు. ప్రొజెక్టర్ మీద పెద్దగా వేసి చూపించవచ్చు గానీ, అలా చూస్తే దాని అసలు సంగతి తెలియదు. చేతిలో పట్టుకుని చూడాల్సిందే. చివర్లో అందరి చేతికీ ఇస్తాను.

ఇది నింటెండో గేమ్ బాయ్. 1989లో జపాన్‌లో వచ్చింది. దీని వెనక దూర్చి ఉన్న ఈ ప్లాస్టిక్ ముక్కలో ఉన్న ఆట పేరు డార్క్‌వింగ్ డక్. క్యాప్‌కామ్ కంపెనీ తయారు చేసింది, 1993లో వచ్చింది. ఈ ముక్కను కార్ట్రిడ్జ్ అనాలి. మా చిన్నప్పుడు మేమందరం క్యాసెట్ అనేవాళ్ళం, నా నోటికి ఇప్పటికీ అదే వస్తుంది, కాబట్టి అలాగే అంటాను.

నన్ను పిలిచినవాళ్ళు పాత ఆటల చరిత్ర చెప్పమన్నారు. మీలో చాలామంది రేపు సొంతంగా ఆటలు తయారు చేయాలనుకుంటున్నారు. వంద ఆటల పేర్లు చెప్పుకుంటూ పోవడం కన్నా ఒక్క ఆటను విప్పి చూడటం మీకు ఎక్కువ పనికొస్తుందని నాకనిపించింది. అందుకని ఇవాళ ఈ ఒక్క ఆట గురించే మాట్లాడతాను.

1995 వేసవి. నాకు పన్నెండేళ్ళు. మా పిన్నివాళ్ళు అమెరికాలో ఉండేవాళ్ళు, ఆ ఏడాది సెలవులకు మా ఊరొచ్చారు. పిన్ని కొడుకు, మా తమ్ముడు, అప్పటికి తొమ్మిదేళ్ళవాడు. వాడితో పాటు ఇలాంటి గేమ్ బాయ్, మూడు క్యాసెట్లు మా ఇంటికొచ్చాయి. మాకు అప్పటికి తెలిసినవి రెండే. ఒకటి టీవీకి తగిలించే వీడియో గేమ్, అది అద్దెకు తెచ్చుకునేవాళ్ళం. రెండోది ఇటుకలు పడే బ్రిక్ గేమ్. అరచేతిలో పట్టే పెట్టెలో ఒక బొమ్మ నడవడం, దూకడం, దాని వెనక ఒక ఊరంతా కదలడం నేను అంతవరకు చూడలేదు.

వాడికి తెలుగు అర్థమయ్యేది గానీ మాట్లాడటం తక్కువ. రా, వద్దు, ఆకలి, ఆగు, ఇలా ఒంటి మాటలే. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అరుగు మీద పక్కపక్కన కూర్చుని వంతులు వేసుకుని ఆడేవాళ్ళం. ఒక లైఫ్ పోతే గేమ్ బాయ్ రెండోవాడి చేతికి వెళ్ళాలి. నా వంతు వచ్చిందంటే కుడి బటన్ నొక్కిపెట్టి పరుగే పరుగు. కాస్త దూరం పోయేసరికి ఎదుటి నుంచి ఏదో వచ్చి తగిలేది. మళ్ళీ పరుగు, మళ్ళీ దెబ్బ. వాడు నా మోచెయ్యి పట్టుకుని "ఆగు అన్నయ్యా" అనేవాడు. ఎందుకు ఆగాలో చెప్పేంత తెలుగు వాడి దగ్గర లేదు. నాకేమో వాడు అడ్డం పడుతున్నట్టు ఉండేది. ఎదురుగా దారంతా ఖాళీగా కనిపిస్తోంది, ఇంకా ఆగడం ఎందుకు?

ఆ మాట వెనక ఒక లెక్క ఉందని నాకు చాలా ఏళ్ళకు, ఉద్యోగంలో చేరి చిన్న చిన్న స్క్రీన్ల మీద పని చేస్తున్నప్పుడు తెలిసింది. ఆ లెక్క మీకు చెప్పాలి. దానికన్నా ముందు ఈ బాతు ఎవరో చెప్పాలి.

డార్క్‌వింగ్ డక్ డిస్నీ వాళ్ళ టీవీ కార్టూన్. 1991లో అమెరికాలో మొదలైంది, మొత్తం 91 ఎపిసోడ్లు. సృష్టికర్త టాడ్ స్టోన్స్. మీ ఇళ్ళల్లో అమ్మనో నాన్ననో అడగండి, తొంభైల్లో ఆదివారం పూట దూరదర్శన్‌లో హిందీ డక్‌టేల్స్ చూసే ఉంటారు. అందులో లాంచ్‌ప్యాడ్ మెక్‌క్వాక్ అనే పైలట్ ఉంటాడు, ఎక్కిన ప్రతి విమానాన్నీ కూల్చేస్తాడు. ఆ లాంచ్‌ప్యాడే ఈ కార్టూన్‌లో హీరోకు తోడు. మా తమ్ముడు ఆ సంగతి చెప్పగానే ఈ కొత్త బాతు కూడా నాకు చుట్టమైపోయింది.

నిజానికి ఈ కార్టూన్ పుట్టిందే డక్‌టేల్స్‌లోంచి. అందులో లాంచ్‌ప్యాడ్ గూఢచారి వేషం వేసే ఎపిసోడ్ ఒకటి ఉంది. దాన్ని పెంచి ఒక సిరీస్ చేద్దామనుకున్నారు. పోనుపోను గూఢచారి పోయి, ముసుగు వేసుకుని రాత్రిళ్ళు తిరిగే వీరుడు వచ్చాడు. డార్క్‌వింగ్ అన్న పేరు సూచించింది అలన్ బర్నెట్ అనే రచయిత. ఆయన ఆ తర్వాత బ్యాట్‌మ్యాన్ కార్టూన్‌కు కూడా పనిచేశాడు.

హీరో అసలు పేరు డ్రేక్ మల్లార్డ్. సెయింట్ కానార్డ్ అనే ఊళ్ళో ఒక మామూలు ఇంట్లో ఉంటాడు. గాస్లిన్ అనే తొమ్మిదేళ్ళ అనాథ అమ్మాయిని తెచ్చి పెంచుకుంటున్నాడు. రాత్రయితే వెడల్పాటి టోపీ, కళ్ళకు ముసుగు, భుజాల మీంచి వెనక్కి జారే ఊదారంగు వస్త్రం, అంటే కేప్, చేతిలో గ్యాస్ గన్. అతనికి అతీత శక్తులేమీ లేవు, ఎగరలేడు కూడా. ఉన్నదల్లా సాధన, కొంత తెలివి, దానికి మించిన ఆర్భాటం. పొగలోంచి ప్రత్యక్షమై తనను తాను గొప్పగా పరిచయం చేసుకోవడమంటే ప్రాణం. పేపర్లో తన ఫోటో పడాలి. ఆ తొందరలో ముందువెనకలు చూడకుండా దూకుతాడు, దెబ్బలు తింటాడు, మళ్ళీ లేస్తాడు. ఆ లేవడం చూసే నాకు అతనంటే ఇష్టం. బలమున్నవాడు లేవడంలో పెద్ద వింత లేదు. ఇతనికి ఆ బలం లేదు, అయినా లేస్తాడు.

ఆట మొదట నింటెండో టీవీ మెషిన్ మీద, అంటే ఎన్ఈఎస్ మీద, 1992లో వచ్చింది. మరుసటి ఏడాది గేమ్ బాయ్ మీదికి తెచ్చారు. కథ చిన్నదే. ఫౌల్ అనే నేరగాళ్ళ ముఠా డార్క్‌వింగ్ పాత శత్రువులు ఆరుగురిని ఊరి మీదికి వదులుతుంది. వాళ్ళను పట్టుకోమని షుష్ అనే రహస్య సంస్థ అతన్ని పిలుస్తుంది. మొదట మూడు చోట్లు తెరుచుకుంటాయి. వంతెన మీద క్వాకర్‌జాక్, ఊళ్ళో వుల్ఫ్‌డక్, మురుగు కాల్వల్లో లిక్విడేటర్. ముగ్గురిలో ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో మన ఇష్టం. ఆ ముగ్గురూ అయ్యాక అడవిలో బుష్‌రూట్, టవర్‌లో మెగావోల్ట్, రేవులో మొలియార్టీ. అందరూ అయ్యాక ముఠా మనిషి స్టీల్‌బీక్. మొత్తం ఏడు లెవెల్స్. మెగా మ్యాన్ ఆడినవాళ్ళకు ఈ పద్ధతి వెంటనే తెలిసిపోతుంది, అదీ ఇదే కంపెనీది.

క్వాకర్‌జాక్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. అతను కార్టూన్‌లో బొమ్మలు తయారు చేసే వ్యాపారి. విఫిల్ బాయ్ అనే వీడియో గేమ్ వచ్చి పిల్లలందరూ దాని వెంట పడితే ఇతని బొమ్మలు కొనేవాళ్ళు లేకుండా పోయారు. వ్యాపారం మునిగింది, మతి చెదిరింది, విలన్ అయ్యాడు. అలాంటివాణ్ణి తీసుకొచ్చి ఒక వీడియో గేమ్‌లో వంతెన మీద నిలబెట్టారు. చిన్నప్పుడు నాకు ఇదేమీ తెలియదు, చూడగానే కొట్టేసేవాణ్ణి. ఈ కథ తెలిశాక వంతెన చివరికి వచ్చినప్పుడల్లా మా ఊళ్ళో ఏటికొప్పాక లక్కబొమ్మలు అమ్మే ఆయన గుర్తొస్తాడు. నేను ఆయన దగ్గర బొమ్మలు కొనడం మానేసింది కూడా తమ్ముడి గేమ్ బాయ్ మా ఇంటికొచ్చిన ఆ ఏడాదే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం.

గేమ్ బాయ్ స్క్రీన్ అడ్డంగా 160 పిక్సెళ్ళు, అంటే చుక్కలు, నిలువుగా 144. ఎన్ఈఎస్ బొమ్మ అడ్డంగా 256, నిలువుగా 240. అంటే చేతి పెట్టె మీద మనకు దొరికేది టీవీలో కనిపించే వెడల్పులో సుమారు అయిదు వంతుల్లో మూడు వంతులు. కానీ బాతును ఆ లెక్కన చిన్నది చేయలేదు. చేస్తే ముఖం పోతుంది, టోపీ పోతుంది, అది ఏ బాతో కూడా తెలియదు. అందుకని బొమ్మ పెద్దగానే ఉంది, లోకం మాత్రం కుదించుకుపోయింది. ఇది ఆ రోజుల్లో టీవీ నుంచి గేమ్ బాయ్ మీదికి వచ్చిన చాలా ఆటల కష్టం.

హీరో స్క్రీన్ మధ్యలో ఉన్నాడనుకోండి. టీవీలో అతని ముందు 128 పిక్సెళ్ళ దారి కనిపిస్తుంది, గేమ్ బాయ్‌లో 80. లెక్క తేలిక కావడానికి వేగాలు నేనే ఊహించి చెప్తున్నాను. స్క్రీన్ మీద బొమ్మ ఒకసారి మారడాన్ని ఫ్రేము అంటారు. అతను ఫ్రేముకు ఒక పిక్సెల్ నడుస్తాడు, ఎదుటి నుంచి గుండు ఫ్రేముకు రెండు పిక్సెళ్ళు వస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా వస్తున్నారు కాబట్టి మధ్య దూరం ఫ్రేముకు మూడు పిక్సెళ్ళు తగ్గుతుంది. టీవీలో 128ని మూడుతో భాగిస్తే సుమారు 43 ఫ్రేములు. సెకనుకు దాదాపు 60 ఫ్రేములు, అంటే 0.7 సెకను టైమ్ ఉంది. గేమ్ బాయ్‌లో 80ని మూడుతో భాగిస్తే 27 ఫ్రేములు, 0.45 సెకను. చూసి, అర్థం చేసుకుని, వేలు కదపాలంటే ఈ తేడా చాలా పెద్దది. నేను ఆ అరుగు మీద ఓడిపోతున్నది ఈ పావు సెకనులోనే.

ఇప్పుడు హీరోను ఆపండి. నడవడం లేదు కాబట్టి దూరం ఫ్రేముకు రెండు పిక్సెళ్ళే తగ్గుతుంది. 80ని రెండుతో భాగిస్తే 40 ఫ్రేములు, 0.67 సెకను. చూశారా? టీవీ ముందు కూర్చుని నడుస్తూ ఆడేవాడికి ఎంత టైమ్ దొరుకుతుందో, గేమ్ బాయ్ మీద నిలబడి చూసేవాడికి దాదాపు అంతే దొరుకుతోంది. చిన్న స్క్రీన్ మన దగ్గర లాగేసుకున్నది, ఆగితే తిరిగి వచ్చేస్తోంది. మా తమ్ముడికి ఈ భాగహారం తెలియదు. వాడి వేళ్ళకు తెలుసు.

ఇంకోటి ఉంది. ఈ స్క్రీన్ పాత రకం ఎల్‌సీడీ. చుక్క నల్లబడటానికీ, మళ్ళీ తెల్లబడటానికీ టైమ్ పడుతుంది. అందుకని కదిలే ప్రతిదాని వెనకా నీడలాంటి చార ఈడ్చుకుంటూ వస్తుంది. మనం పరిగెడితే వెనకున్న ఊరంతా కదులుతుంది, ఊరంతా అలుక్కుపోతుంది. ఆ అలుకులో చిన్న గుండు ఎక్కడుందో కనిపించదు. మనం ఆగామంటే ఊరు ఆగుతుంది, గీతలన్నీ తేటపడతాయి, కదులుతున్నది ఆ గుండు ఒక్కటే అవుతుంది. కంటికి అదే ఆనుతుంది. బిందెలో నీళ్ళు కదిలినంతసేపూ అడుగు కనిపించనట్టే ఇదీ. పరిగెత్తేవాడి టైమ్ తగ్గడమే కాదు, చూపు కూడా తగ్గుతోంది. నాకు దారి ఖాళీగా కనిపించింది అన్నాను కదా, అది నిజంగా ఖాళీ కాదు. నా పరుగే దాన్ని చెరిపేసింది.

దీనికి లోపల లైటు కూడా లేదు. మేము అరుగు మీద కూర్చునేది అందుకే, పగటి వెలుతురు కావాలి. నాలుగు పెన్సిల్ సెల్లు వేయాలి. పక్కనున్న ఎర్ర లైటు మసకబారిందంటే సెల్లు అయిపోవచ్చాయని గుర్తు. వాటిని తీసి ఎండలో పెట్టేవాళ్ళం, ఇంకో పది నిమిషాలైనా ఆడొచ్చని.

ఇక నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చిన పని. పై బటన్ నొక్కితే డార్క్‌వింగ్ తన కేప్‌ను ఎత్తి ముందుకు కప్పుకుంటాడు. ఎదుటి నుంచి వచ్చే గుండ్లు చాలావరకు దానికి తగిలి ఆగిపోతాయి. ఆ కాలపు ప్లాట్‌ఫామ్ ఆటలు, అంటే గట్టు నుంచి గట్టుకు దూకుతూ పోయే ఆటలు, ఎక్కువ భాగం మన చేతికి రెండే పనులు ఇచ్చేవి, దూకడం, కొట్టడం. మూడోది, నిలబడి కాచుకోవడం, ఇక్కడ ఉంది. కేప్ ఎత్తాలంటే నడక మానాలి. కేప్ వెనక ఉన్నంతసేపూ ముందుకు పోలేము. అలా నిలబడి ఎదుటివాడు ఎంతసేపటికి ఒకసారి కాలుస్తున్నాడో లెక్కపెట్టుకుని, వాడి గుండుకూ గుండుకూ మధ్య సందులో కేప్ దించి ఒక్క దెబ్బ కొట్టాలి.

ఇది గేమ్ బాయ్ కోసం కనిపెట్టింది కాదు, టీవీ ఆటలోనే ఉంది. అయితే టీవీలో కేప్ లేకుండా కూడా చాలా దూరం నెట్టుకురావచ్చు, దూకి తప్పించుకునే చోటు కనిపిస్తుంది కాబట్టి. చిన్న స్క్రీన్ మీదికి వచ్చేసరికి ఆ బటన్‌కు ప్రాణం వచ్చింది. ఇంకోలా చూసినా నాకు ముచ్చటేస్తుంది. కార్టూన్‌లో ఆ కేప్ ఆర్భాటం కోసం. విసురుగా తిప్పి, ముఖం సగం దాచి, మాట వదలడానికి. ఆటలో అదే కేప్ ఓర్పుకు గుర్తయింది. కార్టూన్‌లో ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ ఆ బాతుకు చాతకానిది ఏమిటి? ఆగడం. బటన్ మన చేతికొచ్చాక అతని బదులు మనం ఆగాలి.

ఆగే చోట్లు కూడా చాలా ఇచ్చారు. డార్క్‌వింగ్ గట్టు అంచులూ కొక్కేలూ పట్టుకుని వేలాడగలడు. దూకడం అంటే మామూలుగా ఒక నేల నుంచి ఇంకో నేలకు. ఇందులో ఆ మధ్యలో గాల్లో ఒక మజిలీ ఉంటుంది. వేలాడుతూ పైన ఏముందో చూసుకోవచ్చు, బాగుంటే పైకెక్కొచ్చు, లేకపోతే కిందికి దిగిపోవచ్చు. నిలువుగా 144 పిక్సెళ్ళే కనిపించే చోట ఇది ఎంత మేలో ఆడితే తెలుస్తుంది.

గ్యాస్ గన్‌లో మామూలు దెబ్బ కాక హెవీ, థండర్, యారో అని మూడు రకాల ప్రత్యేక గ్యాసులు దొరుకుతాయి. మొదటి రెండూ కొట్టడానికే. యారో గ్యాస్ మాత్రం బాణంలా పోయి గోడకు గుచ్చుకుంటుంది, దాని మీద కాలు పెట్టి నిలబడొచ్చు. దారి లేని చోట మెట్టు మనమే కట్టుకోవడం. సరుకు తక్కువ కాబట్టి ఎక్కడ వాడాలో ముందే చూసుకోవాలి, అది కూడా నిలబడి ఆలోచించాల్సిన పనే. తమ్ముడు గోడకు బాణం గుచ్చి దాని మీదికి ఎక్కిన రోజు నేను అరుగు మీంచి లేచి నిలబడిపోయాను. ఆయుధాన్ని మెట్టుగా వాడొచ్చన్న ఊహే నాకు అంతకు ముందు లేదు.

మెషిన్ లోపలి సంగతి ఒకటి క్లుప్తంగా చెప్తాను, మీలో ప్రోగ్రామర్లు ఉన్నారు. గేమ్ బాయ్ ఒక్కసారికి 40 కదిలే ముక్కలను చూపించగలదు, ఒక్కోటి 8 పిక్సెళ్ళ వెడల్పు. ఒక అడ్డ గీత మీద పదికి మించి పట్టవు, పదకొండోది ఆ గీత మీద కనిపించకుండా పోతుంది. హీరో ఒక్కడికే అలాంటి ముక్కలు కొన్ని పోతాయి. ఇక శత్రువులను గుంపుగా తోలడం కుదరదు. ఇద్దరినో ముగ్గురినో పెట్టాలి, పెట్టినవాణ్ణి సరైన చోట పెట్టాలి. ఈ ఆటలో ఎక్కడ నిలబడ్డా ఎదురుగా ఉన్నవాడి నడక చదవగలుగుతాము, చదివే టైమ్ ఉంటుంది, ఎందుకంటే వాడు దాదాపు ఒంటరి. మెషిన్ తక్కువ ఇచ్చింది కాబట్టే డిజైనర్లు ఒక్కొక్కరి గురించి ఆలోచించారని నేను నమ్ముతాను.

రంగుల సంగతీ అంతే. ఈ స్క్రీన్ మీద నాలుగే ఛాయలు, తేలిక పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా. కేప్ ఊదారంగు పోయింది. అయినా చూడగానే డార్క్‌వింగ్ అని తెలుస్తుంది. వెడల్పు టోపీ అంచు, దాని కింద ముక్కు, వెనక జారే కేప్, ఈ మూడు ఆకారాలు చాలు. కార్టూన్లు గీసేవాళ్ళు బొమ్మను నల్లగా నింపేసినా ఎవరో తెలియాలని చూసుకుంటారు. మన తోలుబొమ్మలు చేసేవాళ్ళకూ ఇది తెలుసు, తెర వెనక నుంచి నీడ పడగానే పల్లె జనం రావణుడో హనుమంతుడో చెప్పేసేవాళ్ళు. మీ హీరోను నాలుగు ఛాయల్లో ఒకసారి గీసి చూడండి. గుర్తుపట్టలేకపోతే ఇంకా పని ఉంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కొన్ని చోట్ల కింద ఏముందో కనిపించకుండా దూకాలి, అక్కడ ఎంత ఆగినా లాభం లేదు. అది ఆటగాడి తప్పు కాదు, స్క్రీన్ ఇరుకు. ఆట కూడా చిన్నది, బాగా తెలిసినవాళ్ళు గంటలోపే ముగిస్తారు. నాకు వీటికన్నా ఎక్కువ బాధ కలిగించేది గాస్లిన్ మన వెంట నడవకపోవడం. మనం నడిపేది డార్క్‌వింగ్ ఒక్కడినే. ఆ కార్టూన్‌కు గుండెకాయ ఆ తండ్రీ కూతుళ్ళు. వాళ్ళ మధ్య ఉన్న ప్రేమలో కొంచెమైనా ఆటలోకి దిగి ఉంటే ఇది ఇంకా ఎంతో పై మెట్టు మీద ఉండేది. తరవాతి కాలంలో ఒక పాత్ర ఇంకో పాత్ర చెయ్యి పట్టుకుని నడిపించే ఆటలు వచ్చాయి. అవి చూసినప్పుడల్లా నాకు ఈ లోటే గుర్తొస్తుంది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: "సార్, ఇప్పుడు ఫోన్లలో స్క్రీన్ క్లియర్‌గా ఉంటుంది కదా. ఈ లెక్క మాకు ఎలా పనికొస్తుంది?")

మంచి ప్రశ్న. ఫోన్‌లో పిక్సెళ్ళు ఎక్కువే. కానీ ఫోన్ నిలువుగా పట్టుకుంటే పక్కకు ఎంత దారి కనిపిస్తుంది? మీ రెండు బొటనవేళ్ళు అందులో ఎంత మూసేస్తాయి? గుండు కనిపించిన ఫ్రేము నుంచి తగిలే ఫ్రేము దాకా ఎన్ని ఫ్రేములో మీరూ లెక్కపెట్టండి, వేళ్ళు మూసే చోటు తీసేసి మరీ లెక్కపెట్టండి. ఆ అంకె అర సెకను కన్నా తక్కువొస్తే మీ ఆటగాడికి మీరు బాకీ ఉన్నట్టు. శత్రువును నెమ్మదిగా రానివ్వండి, లేదా వాడు రాబోయే ముందు ఒక చప్పుడు పెట్టండి, లేదా ఒక కేప్ ఇవ్వండి. మీ కాలేజీ ప్రాజెక్టుల్లో చాలామంది స్పీడ్ పెంచితే కష్టం పెరుగుతుందనుకుంటారు. పెరిగేది కష్టం కాదు, టెన్షన్. ఆ రెండూ ఒకటి కావు.

(ఒక విద్యార్థిని: "2017లో వచ్చిన డిస్నీ ఆఫ్టర్‌నూన్ కలెక్షన్ అనే పాత ఆటల సంకలనంలో నేను ఇది ఆడాను సార్. అందులో రివైండ్ ఉంది. అలా ఆడటం తప్పా?")

తప్పేమీ లేదమ్మా. మీరు ఆడింది టీవీ ఆట, ఎన్ఈఎస్‌ది. ఈ గేమ్ బాయ్ ఆట అందులో లేదు. రివైండ్ ఉండబట్టే కదా మీరు ఆ ఆట చివరిదాకా చూశారు, లేకపోతే చాలామంది మొదటి వంతెన మీదే వదిలేసేవాళ్ళు. నేను ఒక్కటే అడుగుతాను. ఒక లెవెల్ రివైండ్ లేకుండా ఆడి చూడండి. రివైండ్ ఉంటే దెబ్బ తగిలాక వెనక్కి వెళ్ళి చూస్తాము. అది లేకపోతే దెబ్బ తగలకముందే నిలబడి చూస్తాము. చూపు రెండింటిలోనూ ఉంది, ఎప్పుడు చూస్తామన్నదే తేడా. ఆ రెండో అలవాటు కేప్ వల్లే వస్తుంది.

(ఇంకొక విద్యార్థి: "మీ తమ్ముడు ఇప్పటికీ ఆడతారా సార్?")

వాడు ఆ వేసవి అయ్యాక వెళ్ళిపోయాడు, గేమ్ బాయ్ కూడా వాడితోనే వెళ్ళిపోయింది. ఇది నేను పెద్దయ్యాక సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నది. వాడు కిందటేడు వచ్చినప్పుడు చేతికిచ్చాను. ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాడు, వెలుతురు కోసం. వంతెన ఎంచుకున్నాడు. నాలుగడుగులు నడిచాడు, ఆగాడు, కేప్ ఎత్తాడు. నేను పక్కన కూర్చుని నా వంతు కోసం చూశాను. ఆ సాయంత్రం నాకు వంతు రావడానికి చాలాసేపు పట్టింది.

సరే, ఇప్పుడు మీ వంతు. సెల్లు ఇవాళే కొత్తవి వేశాను. ఎడమ పక్కన ఉన్న చిన్న చక్రం తిప్పితే బొమ్మ ముదురుతుంది, తేలికవుతుంది. మీ కంటికి తగ్గట్టు పెట్టుకోండి. ఈ మూల చీకటిగా ఉంది, ఆ ట్యూబ్‌లైట్ కిందికి రండి. ఒక లైఫ్ పోగానే పక్కవాళ్ళకు ఇవ్వాలి. మొదట వంతెన ఎంచుకోండి.